కోటు బేరగాడు

మార్చి 4

అక్కయ్యకు,

నీ చేత తిట్లు తినడానికే పుట్టిన తమ్ముడు రాసేది. ఫోను చేస్తే బావ పక్కనే మంచం మీద ఉంటారు, ఇల్లు అమ్మే గొడవలు ఆయన చెవిన పడకూడదన్నావు. సరే, ఉత్తరాలే రాస్తాను. నా ఎనిమిదో తరగతి చదువుకి ఇంతకంటే గౌరవం ఇంకెవరిస్తారు?

ముందు పని సంగతి. ఇల్లు అమ్మకానికి ముస్తాబవుతోంది. అమ్మ గదిలోంచి రెండు బళ్ళ సామాను బయటికి పంపాను. గిన్నెల్లేని మూతలు పద్నాలుగు దొరికాయి, మూతల్లేని గిన్నెలు పదకొండు దొరికాయి. ఒక్కటీ ఒక్కదానికీ పట్టలేదు. అమ్మ ఇన్నేళ్ళు వీటిని ఏ ఆశతో దాచిందో! వీధి గుమ్మానికి కొత్త రంగు వేశాను. తలుపు బందులకి నూనె పోశాను. కిర్రుమనడం మానేసరికి నాకే ఎవరిల్లో అనిపిస్తోంది.

బోర్డు నేనే రాశాను. ముప్పై అయిదేళ్ళు ఊరందరి బోర్డులూ రాశాను గానీ సొంతానికి రాసుకోవడం ఇదే మొదలు. 'ఈ ఇల్లు అమ్మబడును' అని పసుపు మీద ఎరుపు అక్షరాలు, వాటికి నల్ల నీడ. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. బోర్డుని, ఇంటిని కాదు. ఒకాయన ఆశగా లోపలికొచ్చాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. తన చెప్పుల కొట్టుకి అలాంటి అక్షరాలే రాసిపెట్టమన్నాడు.

మన వీధిలో మనదానితో కలిపి ఇలాంటి బోర్డులు ఏడు. మూల మీద పచ్చగేటు ఇల్లుంది చూడు, దాని బోర్డు మీద ఎండకి అక్షరాలు కూడా చెరిగిపోయాయి. బ్రోకరుని అడిగితే "మార్కెట్టు పడుకుందండీ" అన్నాడు. "ఎప్పుడు లేస్తుందయ్యా?" అన్నాను. "పడుకున్నవాళ్ళు లేచే టైము మనకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. వీడు బ్రోకరో, సన్యాసం పుచ్చుకోబోయి దారి తప్పినవాడో తెలియదు.

ఇక వెనక గది గోడ చెమ్మ. మచ్చ అచ్చం ఏనుగులా ఉంటుంది, గుర్తుందిగా? రెండు పూతలు వేశాను, ఏనుగు బయటికొచ్చింది. మూడో పూత వేశాను, ఈసారి పిల్లతో సహా వచ్చింది. ఇక లాభం లేదని ఆ గోడ మీద పుస్తకాల బీరువా బొమ్మ వేసేశాను. నాలుగు అరలు, అరవై పుస్తకాలు. నీడలు ఎంత బాగా కుదిరాయంటే నేనే ఒకసారి అందులో కళ్ళజోడు పెట్టబోయాను.

నా గురించి దిగులు పెట్టుకోకు. ఇల్లు అమ్మేశాక నా నేస్తం దర్జీ తన ఇంట్లో గది ఇస్తానన్నాడు. గాలీ వెలుతురూ ఉన్న గది, రాజభోగమే.

బావ ఇంకా కండక్టరు ఈల మెడలోనే వేసుకుంటున్నారా?

వేళ్ళకి రంగు ఆరని
నీ తమ్ముడు

—

మార్చి 12

ఒరేయ్,

ఉత్తరం చదివి నవ్వు రాలేదు. నీకు నవ్వులాట ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పలేదు. తప్పు మాదే, చిన్నప్పుడు అందరం నవ్వాం.

మీ బావ సంగతి అడిగావు. ఈల మెడలోనే ఉంది. పక్షవాతం వచ్చాక మాట ఇంకా ముద్దముద్దగానే వస్తోంది గనక ఏం కావాలన్నా ఈలే. ఒకసారి ఊదితే నేను ఆగాలి, రెండుసార్లు ఊదితే పొమ్మని. పాతికేళ్ళు ఊరంతా తిరిగిన మనిషి, ఇప్పుడు మూడో అంతస్తు కిటికీలోంచి కింద పోయే బస్సులకి టైములు చెబుతున్నారు. డిసెంబరులో పక్క వాటాల వాళ్ళిద్దరు కుర్చీలో కూర్చోబెట్టి దింపుతూ రెండో అంతస్తు మలుపులో జారవిడిచారు. కమ్మీ పట్టుకుని ఆగారు గనక సరిపోయింది. "నేను మనిషినా, మూటనా?" అని ఆ రోజు అన్నారు. అంతే, మళ్ళీ గడప దాటలేదు. చెప్పులు మంచం కిందకి తోసేశారు.

కసరత్తు చేయించే ఆయన ఏమన్నాడో చెబుతాను, గుర్తుంచుకో. గదిలో గచ్చు మీద పది అడుగులు చాలవట. బయట నేల మీద రోజూ నడవాలి, వానాకాలం లోపు మొదలుపెట్టకపోతే ఆ కాలు ఇక మాట వినదట. మా మెట్ల పక్కనే కింద రెండు గదుల వాటా అమ్మకానికి ఉంది. కిందింటావిడ ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగుతానంది, ఆ పైన ఒక్కరోజు కూడా ఆగదు. మీ బావని అమ్మ ఇంటికే తీసుకొచ్చేద్దామంటే నాకు లైబ్రరీలో ఇంకా నాలుగేళ్ళ నౌకరీ ఉంది. అది వదిలితే తినేదేమిటి? అందుకని అమ్మ ఇల్లు అమ్మాలి. ఏప్రిల్‌లో అమ్మాలి. దీంట్లో నవ్వడానికి ఏమీ లేదు.

నిన్ను ఫోను చెయ్యొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొన్న జనవరిలో పెద్ద డాక్టరు గొంతుతో మాట్లాడి బావని నవ్వించబోయి నా ప్రాణం సగం తీశావు. ఫోనులో నీ గొంతు ఇక నమ్మను. రాతే నయం. నువ్వు అబద్ధం రాస్తే అక్షరాలు కుడి పక్కకి వాలతాయి. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నువ్వే పెట్టుకున్న రోజు నుంచీ చూస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో దర్జీ ఇంట్లో గది అని రాసిన నాలుగు లైన్లూ గాలికి వాలిన గడ్డిలా ఉన్నాయి. ఇల్లు వదలడం నీకు ఇష్టం లేదా? లేకపోతే ఇప్పుడే చెప్పు.

అక్క

—

మార్చి 21

అక్కయ్యకు,

నిచ్చెన మీద కూర్చుని తొడ మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వాలితే నిచ్చెనని తిట్టు, నన్ను కాదు.

ఇల్లు వదలడం ఇష్టం లేకపోవడమేమిటి? రోజూ పొద్దున్నే లేచి ఇల్లంతా ఊడ్చి, పక్క చుట్టి అటక మీద పడేసి, మనిషి బతికిన ఆనవాలు లేకుండా చేసి వీధిలో నిలబడుతున్నాను. కొనేవాళ్ళకి ఇల్లు ఖాళీగా, ప్రశాంతంగా కనబడాలట, బ్రోకరు ఉపదేశం. నా పళ్ళు తోముకునే బ్రష్షు కూడా కనబడకూడదట. దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఈ రెండు వారాల్లో వచ్చినవాళ్ళ జాబితా విను. ఒక జంట వచ్చింది. మొగుడు ఉన్న కొళాయిలన్నీ తిప్పాడు, పెళ్ళాం ఒక్క మాట మాట్లాడకుండా ఆయన తిప్పినవన్నీ కట్టేసింది. ఆ కాపురం కొళాయిల మీదే నడుస్తోందనుకుంటాను. ఇంకొకాయన వచ్చి, గదులన్నీ వదిలేసి, తిన్నగా పాయిఖానా ఎక్కడని అడిగి, పని చూసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. మూడో ఆయన ఇల్లు కొనడు, తన ఇల్లు కొంటానా అని నన్నే అడిగాడు.

ఒక్క మనిషి మాత్రం మనిషిలా వచ్చింది. రిటైరైన నర్సమ్మ. ఒక్కతే, గట్టి పిండం. గదులన్నీ చూసి వెనక గదిలోకి వెళ్ళి బీరువాలోంచి పుస్తకం తియ్యబోయింది. గోళ్ళు గోడకి గీరుకున్నాయి. నేను గుక్క తిప్పుకోకుండా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గోడకి చెయ్యి ఆనించి, నుదురు పట్టి చూసినట్టు చూసి, "గోడకి జ్వరం ఉంది. నువ్వు దుప్పటి కప్పావు" అంది. అక్కా, నవ్వు అక్కడే ఆపేశాను. నవ్వులాట ఎక్కడ ఆపాలో నాకెవరూ నేర్పలేదన్నావుగా, ఆవిడ నేర్పింది.

అయినా ఆవిడ రెండుసార్లు మళ్ళీ వచ్చింది, రెండోసారి కొలిచే టేపుతో. మనదీ పచ్చగేటుదీ, రెండూ ఆవిడ మనసులో ఉన్నాయి. "ఆలోచించుకుని చెబుతాను, తొందరేముంది? ఇక్కడ అన్నీ ఖాళీగానే ఉన్నాయిగా" అంటుంది. ఆవిడకి తొందర లేదు. మనకుంది. అందుకని ఆవిడకి కొంచెం తొందర పుట్టించే ఏర్పాటు ఒకటి చేస్తున్నాను. ఏమిటని అడక్కు. పని అయ్యాక చెబుతాను.

బావతో చెప్పు, నేనొచ్చినప్పుడు టిక్కెట్టు కొట్టకుండా నన్ను మూడో అంతస్తుకి రానివ్వొద్దని.

నిచ్చెన దిగని
నీ తమ్ముడు

—

ఏప్రిల్ 2

ఒరేయ్,

బ్రోకరు లైబ్రరీకి ఫోను చేశాడు. నాకు నువ్వు రాయని సంగతులన్నీ ఆయన దగ్గర విన్నాను.

నల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి వచ్చాడట. ఇల్లంతా చూసి, బేరం కూడా ఆడకుండా మనం చెప్పిన రేటుకి అక్కడికక్కడే తీసుకుంటానన్నాడట. నర్సమ్మ ఎదురుగానే అన్నాడట. మర్నాడే నర్సమ్మ కంగారుగా పరుగెత్తుకొచ్చి, కోటాయనకంటే కొంచెం తక్కువకి వెంటనే రాసేసుకుంటానందట. ఇంత జరిగితే నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు!

ఎందుకు రాయలేదో నాకు తెలుసు. ఇల్లు అమ్ముడుపోతే నువ్వు బయటికి నడవాలి. దర్జీ ఇంట్లో గది అబద్ధమని ఆ రోజే తెలుసు నాకు. నీ కిందటి ఉత్తరంలో మొదటి అక్షరం నుంచి ఆఖరి దాకా అన్నీ వాలే ఉన్నాయి. నిచ్చెన అంటావా? నాతోనా?

నీతో సంబంధం లేకుండా నేనే పని చక్కబెట్టాను. నర్సమ్మకి వద్దని చెప్పెయ్యమని బ్రోకరుకి చెప్పాను. కోటాయన ఉండగా తక్కువకి ఎందుకివ్వాలి? ఆ తేడాతో కింద వాటాలో బాత్‌రూముకి కమ్మీలూ, గుమ్మానికి వాలు గచ్చూ వస్తాయి. కిందింటావిడకి కూడా మాటిచ్చేశాను. మీ బావకి చెప్పాను. దాచాలనుకున్నాను గానీ ఆగలేకపోయాను. ఆయన ఏం చేశారో తెలుసా? ఈల రెండుసార్లు ఊదారు. నాలుగు నెలల తర్వాత నవ్వారు.

కోటాయనకి అడ్డం పడకు. చేతులు జోడించి అడుగుతున్నాను. నా జన్మలో నిన్ను అడిగింది ఇదొక్కటే.

అక్క

—

ఏప్రిల్ 8

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. విషయాలు తెలిసినవి. బావ నవ్వినందుకు చాలా సంతోషం.

కోటాయన మంచి మనిషే. కాకపోతే పెద్ద మనుషులకి పనులెక్కువ, రేపు మాపు అంటారు. అందుచేత నర్సమ్మని కూడా పూర్తిగా వదులుకోకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. కొంచెం తక్కువైనా ఆవిడ మాట మీద నిలబడే మనిషి. బ్రోకరుకి నువ్వే ఫోను చేసి నర్సమ్మకి సరేనని చెప్పమని మనవి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఈ రోజే అయితే మరీ మంచిది.

ఇట్లు
నీ విధేయుడైన తమ్ముడు

—

ఏప్రిల్ 14

ఒరేయ్,

పూజ్యురాలు, మనవి, విధేయుడు! ఎవరి దుకాణం బోర్డు చూసి రాశావురా ఈ మాటలు? కానీ అక్షరాలు ఒక్కటీ వాలలేదు. బద్ద పెట్టి గీసినట్టు నిలబడి ఉన్నాయి. అందుకని కోటాయన నిజమేనని మనసు కుదుటపడింది. నాలో నేనే ఒక పక్క భయపడుతూ ఉన్నాను, నీ సంగతి తెలిసినదాన్ని గనక.

నర్సమ్మ మాట ఇక ఎత్తకు. తక్కువకి ఆవిడకే కట్టబెట్టాలని నీకెందుకింత ఆరాటం? ఇల్లు ఆవిడ కొంటే వెనక గదిలో నిన్ను ఉండనిస్తానందా? అలాంటి ఒప్పందం ఏదైనా ఉంటే సిగ్గుపడు.

ఇక్కడ మీ బావ పని చూడాలి. కింద వాటా ప్లాను కాగితం మీద గీయించుకున్నారు నా చేత. కిటికీ దగ్గర కుర్చీ ఎటు తిరిగి ఉండాలో, బస్సు స్టాపు దాకా ఎన్ని అడుగులో. నూట నలభై అంటారు. డ్యూటీలో ఉన్నప్పుడు అన్నీ అడుగుల లెక్కేనట. మొదటి వారం గేటు దాకా, రెండో వారం చెట్టు దాకా, మూడో వారం స్టాపు దాకా. కసరత్తు ఆయన చూసి "ఇది చాలు, ఈ మనిషి నడుస్తాడు" అన్నాడు.

కోటాయన ఎప్పుడు వస్తాడో తేదీతో రాయి. పదహారు రోజులే ఉన్నాయి.

అక్క

—

ఏప్రిల్ 20

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చించేశాను. నిన్న లైబ్రరీకి ఫోను చేస్తే "కోటాయన తేదీ చెప్పు, మిగతాది రాయి" అని పెట్టేశావు. రాస్తున్నాను. లేచి నిలబడి ఉంటే ముందు కూర్చో.

కోటాయన దర్జీ.

మన దర్జీయే. కోటు కూడా వాడిది కాదు, కుట్టడానికిచ్చి ఏడాదిగా తీసుకుపోని వాళ్ళెవరిదో. నర్సమ్మకి పోటీ ఉందని కనబడాలని నేనే వాడికి కోటు తొడిగి, జుట్టుకి నూనె రాసి, "ఒక్క మాట మాట్లాడు, వచ్చెయ్" అని పంపాను. వాడు మాట్లాడాడు. గొంతు పెంచి, మీసం దువ్వి, "రేటు సంగతి వదిలెయ్యండి, ఇల్లు నాకు నచ్చింది" అన్నాడు. వాడి మెడలో కొలిచే టేపు వేలాడుతూనే ఉంది. నేను సైగ చేస్తే, గోడ కొలవడానికి తెచ్చినట్టు తీసి కొలిచాడు. ఆ నటనకి నేనే నోరెళ్ళబెట్టాను.

పని చేసింది అక్కా! అదే నా పాపం. పాచిక పారింది. మర్నాడు పొద్దున్నే నర్సమ్మ బ్రోకరు గుమ్మంలో నిలబడింది. నేను ఎగిరి గంతేసి నీకు రాద్దామని కాగితం తీసేలోపు, బ్రోకరు నీకు ఫోను చేసి ఇద్దరి సంగతీ చెప్పేశాడు. వాడికి కోటాయన అబద్ధమని నేను చెప్పలేదు. వాడు ఆ ఉత్సాహంలో రెండు ఇళ్ళు చూపించాడు కూడా దర్జీకి. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నర్సమ్మని పొమ్మన్నావని, బావ నవ్వారని. ఒకే కాగితం మీద రెండూ.

అప్పుడే నిజం రాయాల్సింది. రాయలేకపోయాను. బావ నవ్వారని రాశావుగా. ఆ నవ్వుని నా చేత్తో ఎలా తుడవను? అందుకని బల్ల ముందు కూర్చుని, స్కేలు పెట్టి, బోర్డు రాసినట్టు ఒక్కో అక్షరం నిలబెట్టి ఆ 'పూజ్యురాలు' ఉత్తరం రాశాను. నేను ముప్పై అయిదేళ్ళు అక్షరాలు నిలబెట్టి బతికినవాణ్ణి. అబద్ధాన్ని నిటారుగా రాయడం నాకొక పనా? నిజం రాసేటప్పుడే చెయ్యి నా మాట వినదు.

నర్సమ్మ ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటి మూడుసార్లు తాళం. నాలుగోసారి తలుపు తీసింది. దర్జీని కూడా లాక్కెళ్ళాను, కోటు లేకుండా. అంతా చెప్పాను. గోడ సంగతీ, కోటు సంగతీ, మూడో అంతస్తులో బావ సంగతీ. ఆవిడ అంతా విని, "పాపం" అంది. "ఆ సంగతి మొదటి రోజే చెబితే ఆ జ్వరం గోడతోనే తీసుకునేదాన్ని. మీరు వద్దన్నారని మొన్న సోమవారం పచ్చగేటు వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశాను. మాట ఇచ్చాక వెనక్కి తీసుకోను" అంది. తలుపు వేసేముందు దర్జీని చూసి, "ఈయనకి కోటు బాగుంది" అంది.

ఇంటికొచ్చి బీరువా బొమ్మ ముందు కూర్చున్నాను. ఏనుగు మళ్ళీ పైకొస్తోంది. రెండో అరలోంచి తొండం పెట్టింది.

బ్రోకరుని రోజుకి రెండుసార్లు పట్టుకుంటున్నాను. ధర సగానికి దించినా ఈ పది రోజుల్లో కొనేవాడు లేడంటున్నాడు. కిందింటావిడని ఇంకొక్క నెల ఆగమని అడుగు. నా పేరు చెప్పి ఏడువు. నన్ను తిట్టు. బావకి మాత్రం

ఏం రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు

—

మే 3

కిందింటావిడ ఆగలేదు.

మీ బావకి నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం కూడగట్టుకుంటూ ఉండగానే నిన్న పొద్దున కింద లారీ వచ్చి ఆగింది. ఎవరివో మంచాలు, బీరువా, చిన్నపిల్లల సైకిలు, ఒక్కొక్కటే కింద వాటాలోకి వెళ్ళాయి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని మొత్తం చూశారు. చివర్లో ఈల ఒక్కసారి ఊదారు. ఒక్కసారే. నేను వంటింట్లోంచి వచ్చి నిలబడ్డాను. ప్లాను గీసిన కాగితం మడిచి నా చేతికిచ్చారు. అప్పటి నుంచి కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. బస్సు చప్పుడైనా తల తిప్పడం లేదు.

నీ మీద కోపంగా కూడా లేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు. నర్సమ్మని వద్దన్నది నేనే. నీ రాత చూసి నిన్ను చదవగలననుకున్నాను. ఒక్కటే అడుగుతాను. నీకు వెళ్ళడానికి చోటు ఉందా లేదా? అది కూడా ఇన్నాళ్ళూ నేను అడగలేదని రాత్రి పడుకున్నాక తట్టింది. ఇల్లు వదలవా అని దెప్పాను గానీ, వదిలి ఎక్కడికి పోతావని అడగలేదు.

ఇక రాయకు. రాసినా చదవను.

—

మే 14

అక్కా,

చదవనన్నావు. చదువుతావని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కుడి భుజం బెణికింది. ఎందుకో కింద చెబుతాను. ఈసారికి నమ్ము.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. చోటు లేదు. దర్జీ ఇంట్లో గది లేదు, వాళ్ళే ఒక గదిలో అయిదుగురున్నారు. కొట్టు వెనక గుడ్డపీలికలు పడేసే అర ఉంది, అందులో కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. నా కుంచెలూ రంగులూ ట్రంకు పెట్టెలో సర్దిపెట్టింది నీకు మొదటి ఉత్తరం రాసిన రోజునే. వెళ్ళనని నేనెప్పుడూ అనుకోలేదు. ఎక్కడికని మాత్రం అనుకోలేదు. అయినా ఇప్పుడు తేలిపోయింది ఎక్కడికో.

బోర్డు మార్చాను. పాతది చెరిపి కొత్తగా రాశాను. చదువు:

'ఈ ఇల్లు అమ్మబడును. వెనక గది గోడకి చెమ్మ కలదు, ఏనుగు ఆకారము. వంటింటి కొళాయి కట్టినాక కూడా కాసేపు ఏడ్చును. మూడో మెట్టు పొట్టి, అలవాటయ్యే వరకు అందరూ తూలుదురు. వేసవిలో ముందు గది చల్లన. ఇక్కడ ఇద్దరు పిల్లలు పెరిగిరి, ఒకరు బాగుపడిరి.'

జనం ఆగి చదువుతున్నారు. చదివి నవ్వుతున్నారు. నవ్వినవాళ్ళలో ముగ్గురు లోపలికి వచ్చారు. ఒకావిడ ఏనుగుని చూపించమంది. బీరువా బొమ్మ గీకేసి చూపించాను. కొంటారో లేదో తెలియదు. తాళం బ్రోకరుకి ఇచ్చేస్తున్నాను. ఎవరొచ్చినా ముందు ఏనుగుని చూపించమని చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు.

ఇప్పుడు భుజం సంగతి. మీ మెట్లు యాభై ఒకటి. కిందటేడు వచ్చినప్పుడు ఆయాసపడుతూ లెక్కపెట్టాను. మన వీధి చివర నీళ్ళ ట్యాంకు మెట్లు అరవై నాలుగు. నెలాఖరు గడువు దాటిన దగ్గర్నుంచీ, పన్నెండు రోజులుగా పొద్దున్నే దర్జీని వీపున వేసుకుని అరవై నాలుగూ ఎక్కి దిగుతున్నాను. మొదటి రోజు ఇరవైలోనే ఇద్దరం కూలబడ్డాం. వాడు "దింపరా, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అని అరిచాడు. నాలుగో రోజు భుజం పట్టేసింది. ఎనిమిదో రోజుకి పైదాకా వెళ్ళాం. నిన్న ఎక్కడా ఆగకుండా ఎక్కి దిగాను. ముప్పై అయిదేళ్ళుగా నిచ్చెన మీద బతికినవాణ్ణి అక్కా, నా చదువుకి లేదు గానీ నా కాళ్ళకి ఆ మాత్రం మర్యాద ఉంది.

దర్జీ కూడా ఊరికే మొయ్యనివ్వలేదు. తప్పులో సగం తనదేనని నా బ్యానర్ల మందపు గుడ్డతో ఒక జోలె కుట్టాడు. భుజాలకి రెండు పట్టీలు, నడుముకి ఒకటి, బావ కాళ్ళు పెట్టుకోవడానికి రెండు ఉచ్చులు. ఎవరో కుర్చీతో సహా ఎత్తి దించడం కాదు. బావ నా భుజాల మీంచి ముందుకి చూస్తూ, దారి చెబుతూ వస్తారు. ఆ గుడ్డ పాత బ్యానరుది. వెనక 'ఘనంగా ప్రారంభం' అన్న అక్షరాలు మిగిలిపోయాయి. విప్పి తిప్పి కుడతానన్నాడు, వద్దన్నాను.

బావ బరువెంత? దర్జీ డెబ్బై రెండు కేజీలు. కోటుతో డెబ్బై నాలుగు.

పొద్దున ఒకసారి దింపుతాను, గేటు దాకా నడిపిస్తాను, ఎక్కిస్తాను. సాయంత్రం మళ్ళీ. పగలు అక్కడేదో గోడలకి రంగులు వేసుకుంటాను. పడక వంటింట్లో, గుమ్మానికి అడ్డంగా. నువ్వు రాత్రి మంచినీళ్ళకి లేస్తే నన్ను తొక్కు, అరవను.

బావకి ఒక్క మాట చెప్పు. ఇది మూట కాదు, బస్సు. కొంచెం పాతది, హారను ఎక్కువ, బ్రేకులు తక్కువ. కండక్టరు లేనిదే కదలదు. ఆయన రెండు ఈలలు ఊదితేనే మొదటి మెట్టు దిగుతాను. ఒక్కటి ఊదితే మెట్టు మధ్యలోనైనా ఆగుతాను. ఈసారి వేళాకోళం కాదు. నువ్వు రావద్దంటే రాను. అందుకే అడుగుతున్నాను, నా జన్మలో మొదటిసారి అడిగి వస్తున్నాను.

ట్రంకు పెట్టె మీద కూర్చుని,
నీ తమ్ముడు

—

మే 21

ఒరేయ్,

నీ ఉత్తరం రెండు రోజులు విప్పలేదు. మూడో రోజు విప్పి మీ బావకి పైకి చదివాను, బోర్డుతో సహా. 'ఒకరు బాగుపడిరి' దగ్గర నేను ఆగిపోయాను, తర్వాతది ఆయనే కాగితం లాక్కుని చదువుకున్నారు. చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. కుర్చీ కిటికీ వైపు తిప్పమన్నారు.

ఆయన అరవై ఎనిమిది కేజీలు. మునుపు డెబ్బై ఎనిమిది.

ఇందాక ఈల ఒక్కసారి వినబడితే పరుగెత్తుకొచ్చాను. వేలితో మంచం కిందకి చూపించారు. చెప్పులు. తీసి, దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి పెట్టాను. ఎడమది ఆయనే తొడుక్కున్నారు, కుడిది నేను తొడిగాను. విప్పనివ్వడం లేదు. బస్సు ఏ టైముకో రాయమంటున్నారు.

అక్క